నడుము నొప్పి: మొదలుపెట్టేది ఒకటి, మొండికేసేలా చేసేది మరొకటి

కింద పడిన పెన్ను తీద్దామని వంగుతారు. నడుము ఒక్కసారిగా పట్టేస్తుంది. నిటారుగా లేవలేరు, కూర్చోలేరు, పక్కమీద ఒత్తిగిల్లినా ప్రాణం పోయినంత పని అవుతుంది. అప్పుడు ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం ఒకటే. లోపల ఏదో విరిగింది, లేదా డిస్కు జారింది. కానీ పెన్ను బరువెంత? కొన్ని గ్రాములు. మొన్నమొన్నటి దాకా నిండు సూట్‌కేసులు మోసి, పిల్లల్ని ఎత్తుకుని తిరిగిన నడుము ఇంత చిన్నదానికి ఎందుకు లొంగిపోయింది? ఈ ప్రశ్నకు ఓపికగా జవాబు వెతికితే, నడుము నొప్పి గురించి జనంలో పాతుకుపోయిన నమ్మకాల్లో చాలావరకు నిలబడవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారు. 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని అంచనా. మనిషి రోజువారీ పనులు చేసుకోలేని స్థితికి దారితీసే ఆరోగ్య సమస్యల్లో మొదటి స్థానం దీనిదే. ఇంతమందికి వచ్చే నొప్పి కదా, దాని కారణం చెప్పడం తేలికే అనిపిస్తుంది. నిజానికి నడుము నొప్పితో డాక్టరు దగ్గరికి వచ్చే ప్రతి 100 మందిలో 85 నుంచి 90 మంది విషయంలో, ఫలానా చోట ఫలానా భాగం దెబ్బతినడం వల్లే ఈ నొప్పి అని వేలుపెట్టి చూపించడం సాధ్యం కాదు. దీన్ని వైద్యంలో 'నిర్దిష్ట కారణం తేలని నడుము నొప్పి' అంటారు. ఈ మాట రోగికి చాలాసార్లు తప్పుగా చేరుతుంది. నొప్పికి కారణమే లేదని దీని అర్థం కాదు. నొప్పి ఉత్తుత్తిదని అసలే కాదు. అలవాట్లు, వయసు, వంశం, పని, నిద్ర, మనసు ఇలా చాలా విషయాలు కలిసి నొప్పిని తెచ్చాయని, వాటిలో ఏ ఒక్కదాన్నీ దోషిగా తేల్చలేమని మాత్రమే దాని అర్థం.

వేలుపెట్టి చూపించలేకపోవడానికి నడుము నిర్మాణమే ఒక కారణం. నడుము భాగంలో ఐదు పెద్ద వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ప్రతి రెండింటి మధ్యా ఒక డిస్కు. వెనకవైపు వాటిని కలిపే చిన్న చిన్న కీళ్లు, చుట్టూ గట్టి బంధనాలు, వాటిపైన పొరలు పొరలుగా కండరాలు. వీటన్నింటికీ నొప్పి తెలిసే నరాలున్నాయి. అవన్నీ దగ్గర దగ్గరగా, కలగలిసిన దారుల్లో వెన్నుపాముకు చేరతాయి. అందుకే మెదడుకు 'నడుములో నొప్పి' అని తెలుస్తుంది గానీ అది కండరానిదా, కీలుదా, డిస్కుదా అనేది తెలియదు. చేతి వేలికి ముల్లు గుచ్చుకుంటే కచ్చితంగా ఎక్కడో చెప్పగలిగే మనిషి, నడుము విషయానికి వచ్చేసరికి అరచెయ్యి మొత్తం పరిచి 'ఇక్కడంతా' అంటాడు.

ఇప్పుడు పెన్ను దగ్గరికి వద్దాం. కండరాలు అలసిపోయి ఉన్నప్పుడు, రాత్రి సరిగా నిద్ర లేనప్పుడు, చాలా రోజులుగా కదలిక తక్కువగా ఉన్నప్పుడు నడుము మోయగలిగే శక్తి తగ్గుతుంది. అలాంటి రోజున మామూలుగా వంగడం కూడా నడుముకు ఎక్కువే కావచ్చు. పొద్దున లేచిన గంటలో అయితే ఇంకో సంగతి కూడా తోడవుతుంది. రాత్రంతా పడుకుని ఉన్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే మనిషి పొద్దున పూట సాయంత్రం కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు పొడవుంటాడు. అలా ఉబ్బి ఉన్న డిస్కు మీద, ముందుకు వంగినప్పుడు పడే ఒత్తిడి మిగతా వేళల్లో కంటే ఎక్కువ. అంటే పెన్ను ఒక సాకు మాత్రమే. అసలు కథ అంతకు ముందు రోజుల్లో, కొన్నిసార్లు వారాల్లో నడిచింది. ఆ తర్వాత కండరాలు బిగుసుకుపోవడం కూడా చాలావరకు శరీరం తనను తాను కాపాడుకునే ప్రయత్నమే. నొప్పి ఎంత తీవ్రంగా ఉందో, లోపల అంత పెద్ద నష్టం జరిగిందనుకోవడం పొరపాటు. నడుములో ఈ రెండింటికీ పొంతన కుదరని సందర్భాలే ఎక్కువ.

'డిస్కు జారడం' అనే మాట చేసిన చేటు

డిస్కు జారదు. పైనా కిందా ఉన్న వెన్నుపూసలకు అది గట్టిగా అతుక్కుని ఉంటుంది. దాని బయటి భాగం దృఢమైన పీచు వలయం, లోపలిది మెత్తటి జిగురు పదార్థం. బయటి వలయం బలహీనపడి చీలిక వచ్చినప్పుడు లోపలి పదార్థం బయటికి పొడుచుకు వస్తుంది. అది పక్కనే ఉన్న నరాన్ని నొక్కినా, రసాయనికంగా రేపినా నొప్పి నడుములోనే ఆగదు. పిరుదు మీదుగా తొడ వెనక నుంచి పిక్కలోకి, పాదంలోకి కరెంటు తీగలా పాకుతుంది. తిమ్మిర్లు, మంట ఉంటాయి. దగ్గినా తుమ్మినా ఎక్కువవుతుంది. దీన్నే సయాటికా అంటారు. నడుములో ఇలా పొడుచుకు వచ్చే డిస్కుల్లో దాదాపు 95 శాతం అడుగున ఉన్న రెండు డిస్కులే. శరీరం బరువు ఎక్కువగా పడేదీ, వంపు ఎక్కువగా ఉండేదీ అక్కడే.

1934లో అమెరికాలో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు కాలిలోకి పాకే ఈ నొప్పికీ, పొడుచుకు వచ్చిన డిస్కుకీ ఉన్న సంబంధాన్ని ప్రచురించారు. అది గొప్ప ముందడుగు. అయితే ఆ తర్వాత దశాబ్దాల పాటు కాలిలోకి పాకని మామూలు నడుము నొప్పికి కూడా డిస్కునే దోషిగా చూడటం అలవాటైపోయింది. స్కానింగులు వచ్చాక ఈ అలవాటు మరింత బలపడింది.

ఆ స్కానింగుల్లో కనిపించేదంతా జబ్బేనా అనేది చాలా ముఖ్యమైన ప్రశ్న. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్ ఫలితాలను ఒకచోట చేర్చి చూసిన సమీక్ష 2015లో వచ్చింది. 20 ఏళ్ల వయసువాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది, 30 శాతం మందికి డిస్కు ఉబ్బు ఉంది. 80 ఏళ్లవాళ్లలో అవి 96 శాతం, 84 శాతం. వీళ్లెవరికీ నడుము నొప్పి లేదు! తల నెరవడం, ముఖం మీద ముడతలు రావడం ఎలాంటివో, డిస్కులో నీరు తగ్గి ఎత్తు కుంచించుకుపోవడం చాలామందిలో అలాంటిదే. కాబట్టి 45 ఏళ్ల మనిషి ఎమ్మారై రిపోర్టులో 'అరుగుదల', 'ఉబ్బు', 'గ్యాప్ తగ్గింది' అనే మాటలు కనిపించాయంటే నొప్పికి కారణం దొరికినట్టు కాదు. దొరికి ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. కాలు నొప్పి ఏ దారిలో పాకుతోంది, ఎక్కడ స్పర్శ తగ్గింది, ఏ కండరం బలహీనపడింది అనేవి స్కాన్‌లో కనిపించిన చోటుతో సరిపోలినప్పుడే ఆ స్కాన్‌కు విలువ.

నిజంగానే డిస్కు పొడుచుకు వచ్చి నరాన్ని ఇబ్బంది పెడుతున్నవాళ్లకు కూడా ధైర్యం చెప్పే విషయం ఒకటుంది. బయటికి వచ్చిన ఆ ముక్క చాలామందిలో నెలల వ్యవధిలో దానంతటదే కుంచించుకుపోతుంది. శరీరంలోని రక్షణ కణాలు దాన్ని పరాయి పదార్థంగా గుర్తించి శుభ్రం చేస్తాయి. పెద్దగా, పూర్తిగా బయటికి వచ్చిన ముక్కలే ఇలా తగ్గే అవకాశం ఎక్కువ. ఈ సంగతి తెలియక, రిపోర్టులో పెద్ద అక్షరాలు చూసి జీవితం అయిపోయిందని కుమిలిపోయేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

వయసు మళ్లినవాళ్లలో కనిపించే ఇంకో రకం ఉంది. నరాలు వెళ్లే దారి ఇరుకైపోతుంది. కాసేపు నడిస్తే కాళ్లు బరువెక్కి, లాగి, ఆగిపోవాలనిపిస్తుంది. కూర్చున్నా, ముందుకు వంగి దేనిమీదైనా ఆనుకున్నా హాయిగా ఉంటుంది. సైకిలు తొక్కగలరు, తోపుడు బండి నెట్టుకుంటూ నడవగలరు, నిటారుగా మాత్రం ఎక్కువ దూరం నడవలేరు. వంగినప్పుడు ఆ ఇరుకు దారి కాస్త తెరుచుకోవడమే దీనికి కారణం.

ఎవరికి ముప్పు ఎక్కువ

బరువులు ఎత్తేవాళ్లకే డిస్కులు అరుగుతాయన్నది పాత నమ్మకం. ఫిన్లండ్‌లో కవలల మీద జరిగిన అధ్యయనాలు దీన్ని గట్టిగానే కదిపాయి. ఒకే పోలిక కవలల్లో ఒకరు శ్రమ ఎక్కువ ఉన్న పనిలో, ఇంకొకరు తేలికపాటి పనిలో జీవితమంతా గడిపినా ఇద్దరి వెన్నుల అరుగుదల ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉంది. డిస్కు ఎంత త్వరగా ముదురుతుందన్నది చేసిన పని కంటే వంశం మీద, చిన్ననాటి పరిస్థితుల మీద ఎక్కువగా ఆధారపడుతుందని తేలింది. అంటే నడుము నొప్పి వచ్చిన ప్రతివాళ్లూ తామేదో తప్పు చేశామని తలపట్టుకోనక్కర్లేదు.

అలాగని పనికి పాత్ర లేదని కాదు. అరుగుదల వేరు, నొప్పి వేరు. పదే పదే వంగి, అదే సమయంలో పక్కకు తిరుగుతూ బరువులు ఎత్తే పని, గంటల తరబడి ఊగిపోయే వాహనం నడిపే పని, రోగుల్ని లేపి పడుకోబెట్టే నర్సింగ్ పని నడుము నొప్పికి బాగా తెలిసిన ముప్పులు. వీటిలోనూ బరువు ఒక్కటే లెక్క కాదు. అలవాటు లేని బరువు, ఒక్కసారిగా పెరిగిన పని, మధ్యలో తెరిపి లేకపోవడం ఎక్కువ చేటు చేస్తాయి. ఏడాదంతా కుర్చీలో గడిపి, ఇల్లు మారే రోజున పెట్టెలన్నీ ఒక్కరే మోస్తే నడుము ఎదురుతిరగడంలో వింత లేదు.

కూర్చోవడం గురించి భయపెట్టే మాటలు చాలా ప్రచారంలో ఉన్నాయి. కూర్చోవడమే నడుము నొప్పి తెస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. ఫలానా భంగిమ ఒక్కటే సరైనదని చెప్పడానికీ లేవు. కదలకుండా ఉండిపోవడంతోనే ఇబ్బంది. డిస్కు లోపలి భాగానికి నేరుగా రక్తనాళాలు లేవు. చుట్టుపక్కల నుంచి మెల్లగా ఊరి వచ్చే ద్రవం ద్వారానే దానికి పోషణ అందుతుంది. ఒత్తిడి పడటం, తగ్గడం అనే లయ ఆ రాకపోకలకు తోడ్పడుతుంది. ఎంత నిటారుగా కూర్చున్నా, మూడు గంటలు బొమ్మలా ఉంటే కండరాలకు అలసట తప్పదు. అటూ ఇటూ కదులుతూ, మధ్యలో లేచి నాలుగడుగులు వేసే మనిషి కాస్త వాలి కూర్చున్నా పెద్ద నష్టం లేదు.

పొగతాగడానికీ నడుముకీ సంబంధం ఏమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. నికోటిన్ సన్నటి రక్తనాళాలను కుంచింపజేస్తుంది. అసలే అరకొరగా అందే డిస్కు పోషణ దాంతో ఇంకా తగ్గుతుంది. ఎముకల సాంద్రత కూడా తగ్గుతుంది. అధిక బరువు నడుము మీద భారం పెంచడమే కాకుండా, శరీరమంతటా తక్కువ స్థాయి ఇన్‌ఫ్లమేషన్‌ను (లోలోపలి వాపును) నిలిపి ఉంచుతుంది. పని చేసే చోట శరీరంపై పడే ఒత్తిడి, పొగతాగడం, అధిక బరువు ఈ మూడింటినీ కలిపితే, ప్రపంచవ్యాప్తంగా నడుము నొప్పి వల్ల కలిగే వైకల్య భారంలో దాదాపు 39 శాతం వీటి ఖాతాలోకే వెళుతుంది. ఈ మూడూ మార్చుకోగలిగినవే.

నడుము నొప్పి మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు శరీరం బరువు ముందుకు జరుగుతుంది, హార్మోన్ల వల్ల కటి భాగంలోని బంధనాలు వదులవుతాయి, పొట్ట కండరాలు సాగుతాయి. కాన్పయ్యాక వంగి బిడ్డను ఎత్తడం, పాలివ్వడం, నిద్రలేమి అన్నీ కలిసి నొప్పిని కొనసాగిస్తాయి. దీనికంతటికీ సిజేరియన్ కోసం వెన్నులో ఇచ్చిన మత్తు ఇంజెక్షనే కారణమని ఏళ్ల తరబడి నమ్మేవాళ్లు ఎందరో. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు. దీర్ఘకాలం వేధించే నడుము నొప్పికీ ఆ ఇంజెక్షనుకీ సంబంధం ఉన్నట్టు అధ్యయనాల్లో కనిపించలేదు. తప్పు ఇంజెక్షను మీదికి నెట్టేయడం వల్ల జరిగే అసలు నష్టం ఏమిటంటే, కాన్పు తర్వాత బలహీనపడిన కండరాలకు కావలసిన వ్యాయామం, ఇంట్లో పని పంచుకునే మనుషులు, కంటినిండా నిద్ర ఇవేవీ ఆ తల్లికి అందవు.

తేలిగ్గా తీసుకోకూడనివి

నడుము నొప్పి వచ్చినవాళ్లలో కొద్దిమందికే ఉండే కారణాలు కొన్ని ఉన్నాయి. కొద్దిమందే అయినా గుర్తుపట్టడంలో ఆలస్యం జరిగితే చాలా నష్టం. నెలసరి ఆగిన ఆడవాళ్లలో, ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లలో ఎముకలు గుల్లబారి, చిన్న కుదుపుకే వెన్నుపూస నొక్కుకుపోయి విరగవచ్చు. ఒక్కోసారి గట్టిగా దగ్గినా చాలు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే క్షయ లాంటి ఇన్‌ఫెక్షన్ గురించి ఆలోచించాలి. క్షయ ఊపిరితిత్తులకే కాదు, వెన్నుకూ పడుతుంది. అంతకు ముందెప్పుడైనా క్యాన్సర్ వచ్చినవాళ్లకు కొత్తగా నడుము నొప్పి మొదలైతే ఆ వివరం డాక్టరుకు తప్పక చెప్పాలి.

యువతలో ఇంకో రకం తరచుగా దారి తప్పుతుంది. 40 ఏళ్లలోపు మెల్లగా మొదలై, నెలల తరబడి ఉండి, పొద్దున లేవగానే అరగంటకు పైగా నడుము కర్రలా బిగుసుకుని, విశ్రాంతితో పెరిగి, నడిస్తే తగ్గే నొప్పి ఇది. తెల్లవారుజామున నిద్రలోంచి లేపుతుంది. శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున వెన్ను కీళ్ల మీదే దాడి చేయడం వల్ల వచ్చే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఇలాగే మొదలవుతుంది. మామూలు కండరాల నొప్పి అనుకుని ఏళ్లు గడిచిపోతే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. దీనికి ఇప్పుడు మంచి మందులున్నాయి కాబట్టి త్వరగా కీళ్ల జబ్బుల నిపుణుణ్ని (రుమటాలజిస్టును) కలవడం అవసరం.

కొన్నిసార్లు నొప్పి నడుములో ఉన్నా జబ్బు అక్కడ ఉండదు. మూత్రపిండంలో రాయి ఉంటే పక్కడొక్కలో మొదలై గజ్జల్లోకి దిగుతూ, అలలు అలలుగా వచ్చే నొప్పి ఉంటుంది. ఎలా పడుకున్నా, ఎలా తిరిగినా దానిలో తేడా ఉండదు.

ఒక్కరోజు కూడా ఆగకూడని పరిస్థితి ఒకటుంది. నడుము నొప్పితో పాటు మూత్రం రాకపోవడం లేదా అదుపు తప్పడం, మలవిసర్జన మీద పట్టు పోవడం, సైకిలు సీటు తగిలే చోట స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం కనిపిస్తే వెన్ను అడుగున ఉన్న నరాల గుత్తి మొత్తం నొక్కుకుపోతోందని అనుమానించాలి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్ ఆలస్యమయ్యే కొద్దీ ఆ నరాలు తిరిగి కోలుకునే అవకాశం తగ్గిపోతుంది.

నొప్పి ఎందుకు ఉండిపోతుంది

ఇప్పటిదాకా చెప్పినవి ఎక్కువగా నొప్పిని మొదలుపెట్టేవి. కొత్తగా పట్టేసిన నడుము చాలామందిలో ఆరు వారాల్లోపు బాగా సర్దుకుంటుంది. కొందరిలో మాత్రం మూడు నెలలు దాటినా వదలదు. ఆ కొందరిని వేరు చేసేది ఏమిటని పరిశోధకులు వెతికినప్పుడు, స్కాన్‌లో కనిపించే తేడాల కంటే మనిషి జీవితంలో కనిపించే తేడాలే ఎక్కువగా దొరికాయి. కదిలితే ఇంకా పాడైపోతుందన్న భయం, నిద్రలేమి, దిగులు, ఇంట్లోనో ఆఫీసులోనో తెగని టెన్షన్, నచ్చని ఉద్యోగం. విమానాలు తయారుచేసే బోయింగ్ సంస్థలో 3,020 మంది ఉద్యోగులను నాలుగేళ్ల పాటు గమనించిన అధ్యయనం 1991లో వెలువడింది. తమ పని ఎప్పుడోగానీ నచ్చదని చెప్పినవాళ్లు, దాదాపు ఎప్పుడూ నచ్చుతుందని చెప్పినవాళ్ల కంటే రెండున్నర రెట్లు ఎక్కువగా నడుము సమస్య ఉందని ఫిర్యాదు చేశారు.

ఇది వాళ్లు నటిస్తున్నారని కాదు. నొప్పిని తయారుచేసేది నాడీ వ్యవస్థ. అది ఒక అలారం లాంటిది. భయం, నిద్రలేమి, ఎడతెగని ఒత్తిడి ఆ అలారాన్ని సున్నితంగా మారుస్తాయి. దెబ్బ మానిపోయినా, చిన్న కదలికకే మోగుతూ ఉంటుంది. మోగినప్పుడల్లా మనిషి ఇంకాస్త తక్కువ కదులుతాడు. కండరాలు ఇంకాస్త బలహీనపడతాయి. నిద్ర ఇంకాస్త చెడుతుంది. ఆర్నెల్లు గడిచేసరికి మొదట్లో ఏది నొప్పి తెచ్చిందన్నది దాదాపు అప్రస్తుతం అయిపోతుంది.

అందుకే 'మంచం దిగొద్దు' అనే సలహా ఇంత నష్టం చేసింది. 1986లో అమెరికాలో 203 మంది రోగుల మీద చేసిన పరీక్షలో రెండు రోజుల విశ్రాంతి చెప్పినవాళ్లు, ఏడు రోజులు చెప్పినవాళ్ల కంటే 45 శాతం తక్కువ పనిరోజులు కోల్పోయారు. కోలుకోవడంలో మాత్రం వెనకబడలేదు. 1995లో ఫిన్లండ్ పరిశోధన ఇంకో అడుగు ముందుకేసి, ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకుంటూ ఉన్నవాళ్లే అందరికంటే త్వరగా తేరుకున్నారని చూపించింది. గట్టి చెక్క మీదే పడుకోవాలన్న సలహా కూడా నిలబడలేదు. 2003లో స్పెయిన్‌లో 313 మంది మీద జరిగిన పరీక్షలో గట్టి పరుపు కంటే ఓ మోస్తరు గట్టి పరుపు మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ ఉపశమనం దొరికింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక నడుము నొప్పికి నడుము బెల్టులను, లాగుడు చికిత్సను (ట్రాక్షన్‌ను) సిఫార్సు చేయలేదు. వ్యాయామం, జబ్బు గురించి అవగాహన కల్పించడం, మానసిక సహాయం, కొన్ని రకాల ఫిజియోథెరపీ పద్ధతులను సూచించాయి.

రోగికి చెప్పే మాటలు కూడా ముప్పు జాబితాలో ఉండాల్సినవే. 'నీ వెన్ను 70 ఏళ్ల వాడిలా అరిగిపోయింది', 'ఇక జన్మలో వంగకూడదు' లాంటి మాటలు నొప్పి కంటే ఎక్కువ కాలం ఉండిపోతాయి. ఆ మాట విన్న మనిషి పదేళ్ల తర్వాత కూడా నేల మీద పడ్డ వస్తువు తీయడానికి జంకుతాడు.

ఈ మాటల ప్రభావం ఎంతో ఆస్ట్రేలియాలో ఒకసారి పెద్ద ఎత్తున తేలింది. 1997లో విక్టోరియా రాష్ట్రంలో టీవీల్లో ఒక ప్రచారం మొదలుపెట్టారు. నడుము నొప్పి వస్తే పడుకోవద్దు, కదులుతూ ఉండండి, పనికి వెళ్లండి, అనవసరమైన స్కాన్లకు తొందరపడొద్దు అన్నవే దాని సారాంశం. కొత్త మందు లేదు, కొత్త ఆపరేషన్ లేదు. ప్రచారం జరిగిన కాలంలో అక్కడి జనం నమ్మకాలు మారాయి, డాక్టర్లు ఇచ్చే సలహాలు మారాయి, నడుము నొప్పి పేరుతో వచ్చే పరిహారం క్లెయిములు తగ్గాయి. ప్రచారం జరగని పక్క రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో జనం నమ్మకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రచారం ఆగిన మూడేళ్ల తర్వాత మళ్లీ చూసినప్పుడు కూడా విక్టోరియాలో ఆ మార్పు చాలావరకు నిలిచే ఉంది.